మెడికల్ షాపుల మీద పోలీసుల ఒత్తిడి

నొప్పి తగ్గించే ట్రమడాల్, ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలం లాంటి మందుల్ని లైసెన్స్ ఉండి, డాక్టర్ చీటీ చూసి అమ్మే మెడికల్ షాపుల మీద కూడా పోలీసుల ఒత్తిడి మరీ ఎక్కువైపోయింది, మొన్న మెడికల్ షాపుల్లో పోలీసుల తనిఖీల వార్త చదివాక ఇది రాయాలనిపించింది. మత్తు కోసం ఈ మాత్రలు మింగే కుర్రాళ్లు ఉన్నారు, చీటీ లేకుండా ఇచ్చేసే షాపులూ ఉన్నాయి, కాదనట్లేదు. కానీ మా వీధి చివర షాపాయన హెచ్1 రిజిస్టర్‌లో (ఇలాంటి మందుల అమ్మకాలు రాసే పుస్తకం) డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని మాత్రలో అన్నీ రాసుకుంటాడు, అయినా ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి ఆ పుస్తకం తెరవకుండానే స్ట్రిప్పులు లెక్కపెట్టి "ఒకసారి స్టేషన్‌కి రా" అని పోయారు, మర్నాటి నుంచి ఆయన ఆ సరుకే తెప్పించడం మానేశాడు, ఇప్పుడు క్యాన్సర్ నొప్పితో ఉన్న మా పెద్దమ్మ కోసం చీటీ పట్టుకుని నాలుగు షాపులు తిరిగినా "లేదండీ" అనే మాటే. 2018లో ట్రమడాల్‌ని ఎన్డీపీఎస్ చట్టంలోకి, అంటే మత్తు పదార్థాల చట్టంలోకి, తెచ్చారు కాబట్టి ఆ కేసుల్లో పోలీసులకి అధికారం ఉంది, సరే, కానీ లైసెన్సు, బిల్లులు చూడాల్సింది మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ అధికారి, అంటే డ్రగ్ ఇన్‌స్పెక్టర్; మందుల తయారీ, అమ్మకాల గురించి చెప్పే డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 4వ అధ్యాయం నేరాలకి పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టకూడదని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. అందుకే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ లేకుండా పోలీసులు ఏ షాపుకీ తనిఖీకి పోకూడదని ఉత్తర్వు ఇవ్వాలి, హోల్‌సేల్ బిల్లూ రిజిస్టరూ పక్కపక్కన పెడితే పది నిమిషాల్లో తేలిపోద్ది, తేడా వస్తే లైసెన్స్ పీకేయండి, రాకపోతే రిజిస్టర్‌లో సంతకం పెట్టి వెళ్లండి.