నాన్నగారి చేపలకు చోటు చూపించిన వారందరికీ కృతజ్ఞతలు

హైదరాబాదులోని మా ఇంట్లో నాన్నగారు ఎన్నో ఏళ్ళుగా పెంచుకుంటున్న మూడు ఉప్పునీటి చేపలూ, అంటే వొలిటాన్స్ లయన్ ఫిష్, పాములా పొడవుగా ఉండే స్నోఫ్లేక్ మోరే ఈల్, పాంథర్ గ్రూపర్, ఇప్పుడు మూడు ఊళ్ళలో మూడు ఇళ్ళకు చేరి క్షేమంగా ఉన్నాయి. మోకాలి ఆపరేషన్ తరువాత బరువులు ఎత్తకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పడంతో, ఆర్‌ఓ నీళ్ళ క్యాన్లు మోసి, ఉప్పు కలిపి, వారం వారం నీళ్ళు మార్చే పని ఆయనకు కుదరని పరిస్థితి వచ్చింది. నేను ఉద్యోగరీత్యా పుణేలో ఉంటున్నందువల్ల ఆ పని అందుకోలేకపోయాను. సాయం చేసినవారిలో కొందరు తమ పేర్లు వద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చేసిన పని చెబితే ఎవరికి వారికి తెలుస్తుంది.

అందరికంటే ముందుగా, 'మేము తీసుకోలేము' అని చెప్పినవారికి నమస్కరిస్తున్నాను. తెల్లటి ఒంటి మీద నల్లటి చుక్కలతో ఉండే పాంథర్ గ్రూపర్ ఫోటో చూసి ముచ్చటపడనివారు అరుదు. దుకాణంలో వేలెడంత ఉన్నప్పుడు అమ్మే ఈ చేప 70 సెంటీమీటర్ల దాకా పెరుగుతుందనీ, నోట్లో పట్టే ప్రతి ప్రాణినీ మింగేస్తుందనీ తెలిసినవారు మాత్రం తక్కువ. కూకట్‌పల్లి నుంచి వచ్చిన ఒక సోదరుడికి ఆ సంగతి తెలుసు. ఆయనకు మంచి పెద్ద ట్యాంకు ఉంది, చేప మీద మనసూ ఉంది. అయినా మా ఇంట్లో ట్యాంకు అద్దం ముందు చాలాసేపు కూర్చొని, గ్రూపర్ ఆవులించినట్టు నోరు తెరిచిన క్షణంలో నవ్వేసి, "మా క్లౌన్ ఫిష్‌లన్నీ ఒక పూటకు సరిపోతాయండీ, నాకు వద్దు" అన్నారు. అంతటితో ఊరుకోకుండా, వెయ్యి లీటర్లు దాటిన ట్యాంకులున్న వారెవరో వాకబు చేసి, ఒక్కొక్కరికీ తానే ఫోన్ చేశారు. అవునని తొందరపడి తీసుకెళ్ళి, నెల తిరగకుండా మరొకరికి అంటగట్టే వారికంటే ఇలాంటివారు చేసే మేలు పెద్దదని నా అభిప్రాయం. మూడింటికీ కలిపి ధర కట్టిన ఒక దుకాణదారు, వాటిని ఎవరికి అమ్ముతారో చెప్పలేనన్నప్పుడు మేము మర్యాదగా వద్దనడానికి కూడా ఆ కూకట్‌పల్లి సోదరుడి మాటలే ధైర్యమిచ్చాయి.

విశాఖ తీసుకెళ్ళి సముద్రంలో వదిలేస్తే పుణ్యమని బంధువుల్లో ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. మత్స్యశాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఈ మాట విని, ఓపికగా వాళ్ళతోనే ఫోన్లో మాట్లాడారు. 1985లో ఫ్లోరిడా తీరంలో మొదటిసారి కనిపించిన లయన్ ఫిష్, అట్లాంటిక్ తీరం వెంబడి, కరీబియన్ దీవుల చుట్టూ, మెక్సికో సింధుశాఖలో ఎలా విస్తరించిందో, అక్కడి పగడపు దిబ్బల్లోని పిల్లచేపలను ఎలా తినేస్తోందో, ట్యాంకుల్లో పెంచి వదిలేసినవే దీనికి మూలమని శాస్త్రవేత్తలు ఎందుకు భావిస్తున్నారో వివరించారు. "మన బంగాళాఖాతంలో ఈ చేపలు ముందు నుంచీ ఉన్నవేగా" అని మా బాబాయి అడిగితే, రకరకాల సముద్రాల చేపలతో కలిసి బతికిన చేప ఒంటి మీద ఏ పరాన్నజీవులు ఉంటాయో ఎవరూ హామీ ఇవ్వలేరని ఆయన చెప్పిన జవాబుతో ఆ చర్చ ముగిసింది.

లయన్ ఫిష్‌ను తీసుకెళ్ళిన విజయవాడ తమ్ముడి జాగ్రత్తను ఎంత మెచ్చుకున్నా తక్కువే. వీపు మీద 13 ముళ్ళు, పొట్ట కింద మరికొన్ని, అన్నింటిలోనూ విషం ఉండే చేప అది. ముళ్ళు వలలో చిక్కుకుంటాయనీ, ప్లాస్టిక్ సంచిని చీలుస్తాయనీ ఆయన వల, సంచి రెండూ ముట్టుకోలేదు. పారదర్శకమైన డబ్బాను నీళ్ళలో ముంచి, పొడవాటి గొట్టంతో చేపను మెల్లగా దాని వైపు మళ్ళించి, అది తనంతట తాను లోపలికి వచ్చేదాకా ఆగి, మూత ఉన్న బకెట్‌లోకి మార్చారు. దారిలో నీళ్ళు అమ్మోనియాతో పాడవకుండా రెండు రోజుల ముందు నుంచే మేత ఆపించారు. మా ట్యాంకు నీటి సాంద్రత ఎంతో ముందే కనుక్కొని, తన ట్యాంకును దానికి సరిపెట్టుకున్నారు. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, అంటే సుమారు 45 డిగ్రీలకు మించకుండా, చెయ్యి ఉంచితే విషం తీవ్రత తగ్గుతుందని, ఆ తరువాత ఆసుపత్రికి వెళ్ళాలని చెబుతూ ఫ్లాస్కు నిండా వేడినీళ్ళు వెంట తెచ్చుకున్నారు. ఆ అవసరం రాలేదు. సూర్యాపేట దగ్గర ఆగినప్పుడు ఆ నీళ్ళతోనే టీ కలుపుకున్నారట.

కొత్త చోట లయన్ ఫిష్ మొదట్లో మేత ముట్టలేదు. అప్పుడాయన వీడియో కాల్ చేస్తే, మంచం మీద నుంచే నాన్నగారు, కరిగించిన రొయ్యను పొడవాటి పట్టకారుతో పట్టుకొని నీటి ప్రవాహంలో కొద్దికొద్దిగా ఆడించమని చెప్పారు. చేప రెక్కలు విసనకర్రలా విప్పుకొని దగ్గరకు వచ్చి, ఒక్క గుక్కలో రొయ్యను లోపలికి లాక్కోవడం ఇద్దరూ చూశారు. ఆపరేషన్ తరువాత నాన్నగారు అంత గట్టిగా కేకవేయడం అదే మొదలు.

మోరే ఈల్‌ను తీసుకున్న సికింద్రాబాదు ఉపాధ్యాయ దంపతులు, అది చిన్న సందులోంచైనా జారిపోతుందని ఎరిగి, గొట్టాలు దూరే రంధ్రాలన్నింటికీ ముందే జాలీ బిగించి ఉంచారు. చివరికి గ్రూపర్ బాధ్యత స్వీకరించినవారు నెల్లూరు జిల్లాలో రొయ్యల సాగు చేసే కుటుంబం. చేప పిల్లల రవాణాకు వాడే ఆక్సిజన్ సిలిండరుతో, పెద్ద థర్మాకోల్ పెట్టెతో వచ్చి, "మా ఇంట్లో రొయ్యలకు లోటుండదు పెద్దాయనా" అని నాన్నగారికి హామీ ఇచ్చి మరీ తీసుకెళ్ళారు. వీరందరికీ మా కుటుంబం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

నీళ్ళలోని వ్యర్థాలను తీసే ప్రోటీన్ స్కిమ్మర్, రెండు పంపులు, సగం వాడిన ఉప్పు బకెట్టు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. ఉప్పునీటి చేపలు పెంచుతున్నవారు ఎవరైనా వచ్చి ఉచితంగా తీసుకెళ్ళవచ్చు. ట్యాంకులో ఏ చేపలున్నాయో నాన్నగారు తప్పక అడుగుతారు, దయచేసి కాస్త తీరిక చేసుకొని రండి.