నీనా గుప్తా రచయిత్రి అని కూడా ఒక్క ముక్క రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ సినిమా పేజీలో హిందీ నటి నీనా గుప్తా గారి మీద వచ్చిన కథనం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. అరపేజీ ఇచ్చారు, సంతోషం. కానీ అందులో ఏముంది? పెళ్లి కాకుండానే బిడ్డను కన్నారు, ఒంటరిగా పెంచారు, ఈ వయసులో ఇలాంటి బట్టలా అని సోషల్ మీడియాలో ఎవరో అన్నారు, దానికి ఆవిడ ఏదో అన్నారు. ఆవిడ ఒక సీరియల్‌ను సొంతంగా రాశారని, తనే డైరెక్ట్ చేశారని ఒక్క ముక్క లేదు. మీ ఒక్క పేపరే కాదు, 2021లో ఆవిడ ఆత్మకథ వచ్చినప్పుడు కూడా దాదాపు అందరూ ఆ పుస్తకంలోంచి పెళ్లి, ప్రేమ సంగతులే ఏరి వేశారు. పని గురించి చెప్పిన పేజీలు ఎవరికీ కనపడనట్టే ఉంది.

నేను చెప్పే ఆ సీరియల్ 'సాంస్', 1998లో స్టార్ ప్లస్‌లో మొదలైంది. రాసింది ఆవిడే, తీసింది ఆవిడే, ప్రియ పాత్ర వేసింది కూడా ఆవిడే. ఈ మూడు పనులూ ఒకే మనిషి, అందులోనూ ఒక ఆడమనిషి, మన దేశపు టీవీలో చేయడం ఎంత అరుదో మీ డెస్కులో వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కథ చూస్తే పెద్ద మలుపులేం ఉండవు. పెళ్లయి చాలా ఏళ్లయింది, పిల్లలు ఎదిగొచ్చారు, సంసారం బాగానే ఉందనుకుంటున్న వేళ భర్త గౌతమ్ మనసు మనీషా అనే ఇంకొకావిడ వైపు మళ్లుతుంది. (గౌతమ్‌గా కన్వల్‌జీత్ సింగ్, మనీషాగా కవితా కపూర్.) సినిమాల్లో ఇలాంటి భార్యలు ఏడ్చి, వ్రతాలు చేసి, చివరికి మొగుడు తిరిగొస్తే కాళ్లకి దండం పెట్టేవాళ్లు కదా, ఇక్కడ కథ ఆవిడ వైపు నుంచి నడిచింది. నడివయసులో ఉన్న ఇల్లాలు ఏమనుకుంటుంది, ఎక్కడ అహం దెబ్బతింటుంది, ఎక్కడ ఇంకా ప్రేమ మిగిలి ఉంటుంది, పిల్లల ముందు మొహం ఎలా పెడుతుంది అన్నది తెలిసిన మనిషి రాసిన రాత అది. అందులో నటన అంత బాగుందంటే, అది ముందు కాగితం మీద బాగుంది కాబట్టే.

అసలు ఆవిడ టీవీకి వచ్చిన దారి చూడండి. ఢిల్లీలో సంస్కృతం ఎం.ఏ. చదివి, నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో శిక్షణ తీసుకుని, ముంబై వెళ్లి, 1982 నాటి 'గాంధీ'లో చిన్న వేషం, ఆ తర్వాత శ్యామ్ బెనగల్ సినిమాలు, దూరదర్శన్‌లో 'ఖాన్‌దాన్', 'యాత్ర', గుల్జార్ తీసిన 'మీర్జా గాలిబ్'లో నవాబ్ జాన్ పాత్ర. హీరోయిన్ వేషాలు రాలేదు. పాత ఢిల్లీలోని ఒక వీధి మీద 'బజార్ సీతారామ్' అని డాక్యుమెంటరీ తీస్తే తొలి చిత్ర దర్శకురాలిగా జాతీయ అవార్డు వచ్చింది. 'వో ఛోక్రీ'కి ఉత్తమ సహాయ నటి అవార్డు వచ్చింది. అయినా ఆ రోజుల్లో జనానికి ఆవిడ గుర్తున్నది ఎక్కువగా ఒక మాస్ పాటలో. నా ఉద్దేశంలో, తనకి సరిపోయే పాత్ర ఎవరూ రాయడం లేదని అర్థమయ్యాకే ఆవిడ కలం పట్టుకుని ఉంటారు.

మరి అంత బాగా రాసిన మనిషి తర్వాత ఏమైపోయారు? 2000 జులై 3న స్టార్ ప్లస్‌లో ఒకే రోజు 'కౌన్ బనేగా కరోడ్‌పతి' క్విజ్, 'క్యూంకీ సాస్ భీ కభీ బహూ థీ' డైలీ సీరియల్ మొదలయ్యాయి, ఆ దెబ్బతో టీవీ మొత్తం మారిపోయింది. 'సాంస్'లా వారానికి ఒక ఎపిసోడ్ అయితే ఒక మనిషి కూర్చుని రాసి, తీసి, నటించగలదు. రోజూ ఎపిసోడ్ ఇవ్వాలంటే కథ ఒకరు, స్క్రీన్‌ప్లే ఒకరు, మాటలు ఇంకొకరు, పైన చానెల్ వాళ్ల మాట, వారం వారం టీఆర్‌పీ టెన్షన్. అక్కడ ఒక మనిషి గొంతు వినపడే చోటే లేదు. ఆవిడ కూడా మెల్లగా కనుమరుగైపోయారు.

2017లో, 58 ఏళ్ల వయసులో, 'నేను ముంబైలోనే ఉంటున్నాను, మంచి నటిని, మంచి పాత్రల కోసం చూస్తున్నాను' అనే అర్థం వచ్చేలా ఇన్‌స్టాగ్రామ్‌లో ఆవిడే పెట్టుకోవాల్సి వచ్చింది. అది చదివి నాకు గర్వంగానూ అనిపించింది, బాధగానూ అనిపించింది. జాతీయ అవార్డులున్న మనిషి పని అడగాల్సి రావడమేంటండీ! మరుసటి ఏడాదే 'బధాయీ హో' వచ్చింది, ఫిల్మ్‌ఫేర్ క్రిటిక్స్ అవార్డు వచ్చింది, 2024లో 'ఊంచాయి'కి మళ్లీ జాతీయ అవార్డు ప్రకటించారు.

2020లో మొదలైన 'పంచాయత్' వెబ్ సిరీస్ సంగతి మన వాళ్లకి బాగానే తెలుసు, దాన్నే తెలుగులో 'శివరపల్లి'గా తీశారు. అందులో ఆవిడది, పేరుకు మాత్రమే ప్రధాన్ (సర్పంచ్) అయిన మంజూ దేవి పాత్ర, పెత్తనమంతా భర్తది. మన ఊళ్లలో ఇది కొత్త కాదు, సర్పంచ్ భర్తలే కుర్చీలో కూర్చునే పంచాయతీలు బోలెడు. మొదటి సీజన్ చివర్లో గణతంత్ర దినోత్సవం నాడు జిల్లా అధికారి ఎదుట ఆవిడ జాతీయ గీతం తడబడుతూ పాడుతుంటే ఆ మొహం గమనించండి. తప్పు పోతుందేమోనన్న భయం, అయినా ఆపనన్న పట్టుదల రెండూ ఒకేసారి కనిపిస్తాయి. పాత్రను రాసే మనిషిలా అర్థం చేసుకుంటే తప్ప అలా చేయడం కుదరదని నేను నమ్ముతాను.

కాబట్టి నా విన్నపం ఇది. ఆవిడ గురించి ఈసారి రాసినప్పుడు దయచేసి 'సాంస్' గురించి రాయండి. అలాగే మీ టీవీ పేజీలో ప్రతి సీరియల్‌కీ నటీనటుల పేర్లు, ఫొటోలు వేస్తారు కదా, కింద కథ, మాటలు ఎవరివో కూడా వేయండి. టైటిల్స్‌లో ఆ పేర్లు రెప్పపాటులో పోతాయి, ఓటీటీలో అయితే స్కిప్ నొక్కేస్తాం. 'చక్రవాకం', 'మొగలిరేకులు' అంటే వాటిని తీసిన మంజులా నాయుడు గారి పేరు మనకి గుర్తొస్తుంది, అవి రోజూ చూసిన ఇళ్లలోనే వాటికి మాటలు రాసిందెవరని అడగండి, ఎంతమంది చెప్పగలరో. సీరియళ్లకి రాస్తున్న ఆడవాళ్లు మన దగ్గరా ఉన్నారు. ఆదివారం అనుబంధంలో నెలకొకరితో మాట్లాడించి వేసినా చాలు, వాళ్లు ఎలా రాస్తారో, ఎవరు ఎక్కడ మార్పించారో, డబ్బులు సరిగ్గా అందుతున్నాయో లేదో వాళ్ల నోటితోనే చెప్పించండి.

ఇట్లు,
మీ పాఠకురాలు