ఆరోగ్య శాఖ మంత్రి గారికి: క్యాజువాలిటీ గుమ్మం దగ్గర ఒక మనిషి కావాలండి

అయ్యా,

మాది కోనసీమ, మలికిపురం వైపు ఒక పల్లె. మొన్న వేసవిలో ఒక సాయంత్రం మా నాన్న కొబ్బరి దింపు లెక్క చూస్తూ మాట తడబడ్డారు. "ఏంటి నాన్నా ఆ ముద్దమాటలు, సరిగ్గా చెప్పొచ్చుగా" అని విసుక్కున్నాను. చేతిలో పుస్తకం జారిపోయి, మూతి ఒక పక్కకి వాలాక గానీ నాకు వెలగలేదు. ఆసుపత్రి మీద ఫిర్యాదు రాద్దామని కూర్చున్నాను గానీ, ఆ రోజు మొదటి కటువు మాట నాదే. అది దాస్తే బాగోదు.

108 వచ్చింది. అందులో కుర్రాడు నాన్న పడిపోయిన చెయ్యి పట్టుకుని, "తాతగారూ, దిండి దాటుతున్నామండి... చించినాడ వంతెన ఎక్కామండి... దిగిపోయామండి" అంటూ దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. తగ్గిపోతుందని ఒక్కసారీ అనలేదు. ఎక్కడున్నామో చెప్పాడు, అంతే. నాన్న చూపు అతని మొహం మీంచి కదిలితే ఒట్టు.

పక్షవాతంలో నోరు పడిపోయినా, చెవులూ తెలివీ పనిచేస్తూనే ఉండొచ్చు. స్ట్రెచర్ దించగానే ఆ ఆసుపత్రిలో, "ఇంతసేపు ఇంట్లో పెట్టుకుని ఇప్పుడు తెస్తారా? ఇంక ఈయనకి మాట రాదు" అని నాన్న తల మీదుగా నాతో అన్నారు. ఆయన కంట్లోంచి నీళ్ళు చెవిలోకి కారాయి. స్కానింగ్‌కి తీసుకుపోయి తలుపేసేశారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపు పడాలనీ, మెదడులో గడ్డ కట్టిందో నరం చిట్లిందో చూడకుండా అది ఇవ్వకూడదనీ నాకు మర్నాడు తెలిసింది. ఆ ముక్క ఆ రాత్రే ఎవరైనా చెప్పుంటే, "డబ్బు కట్టలేదని ఆపేశారా అమ్మా" అంటూ మా అమ్మ నర్సమ్మ కాళ్ళ మీద పడబోయేది కాదు.

వైద్యం బాగానే చేశారు, టైముకే ఇంజెక్షన్ పడింది. డాక్టరు గారిని తప్పుపట్టను. ఆ రాత్రి ఆయన ఒక్కరే, మంచాలు నిండిపోయి ఉన్నాయి. చివరికి పన్నెండు దాటాక, నేల తుడుస్తున్న ఆయమ్మ వచ్చి, "మీ ఆయన కళ్ళు తెరిచారండి, దుప్పటి నేనే కప్పాను" అంది. అమ్మ అప్పుడు కూర్చుంది.

మా వైపు చెట్టెక్కే మనిషినీ అండీ అంటాం, పిలిస్తే ఆయ్ అని పలుకుతాం. అంత మర్యాద తెలిసినవాళ్ళం కూడా ఆ గుమ్మం దాటగానే ఎందుకలా మారిపోతామో నాకు బోధపడలేదు.

నేనడిగేది కొత్త భవనం కాదు. రాత్రిళ్ళు క్యాజువాలిటీ బయట ఒక మనిషిని పెట్టించండి. గంటకోసారి బయటికొచ్చి, లోపల ఏం జరుగుతోందో, ఎందుకు ఆలస్యమవుతోందో చెప్పడమే పని. ఆ 108 కుర్రాడి లాంటివాళ్ళ చేత మిగతావాళ్ళకి రెండు రోజులు నేర్పించండి. పేషెంటుకి వినబడుతుందనుకునే మాట్లాడమనండి.

వీలైతే తమరొకసారి ముందుగా కబురు పెట్టకుండా రాత్రి పదకొండింటికి ఏదైనా క్యాజువాలిటీ బయట గంటసేపు ఉండి చూడండి. బెంచీ మీద చోటు దొరక్కపోవచ్చు.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక కొడుకు