పాఠశాల విద్యాశాఖ కార్యదర్శి గారికి ఒక రెగ్యులర్ టీచర్ బహిరంగ లేఖ

సార్ నమస్తే. నాకు ఇంక్రిమెంట్ వస్తది, డీఏ వస్తది, పీఆర్సీ వస్తది, లేటుగానైనా సరే. కేజీబీవీల్లో (ఆడపిల్లల కస్తూర్బా గాంధీ హాస్టల్ బడుల్లో) చెప్పే సీఆర్టీ, అంటే కాంట్రాక్ట్ రెసిడెంట్ టీచర్ మేడమ్‌లకు మాత్రం ఫిక్స్‌డ్ జీతమే, అదీ కాంట్రాక్ట్ రెన్యువల్ అయితేనే. మేం చెప్పేది అదే సిలబస్, వాళ్ల పిల్లలూ రాసేది అదే టెన్త్ బోర్డు, పైగా మేం సాయంత్రం ఇంటికి పోతం, వాళ్లు వంతుల వారీగా నైట్ డ్యూటీ చేస్తరు, రాత్రి ఒక పిల్లకు జ్వరమొస్తే దవాఖానకు తీస్కపోయేది వాళ్లే, పొద్దున మళ్లీ ఫస్ట్ పీరియడ్ తీస్కునేదీ వాళ్లే.

2016లో పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు క్లియర్‌గా చెప్పింది కదా సార్, అదే పని చేసే టెంపరరీ ఉద్యోగికి రెగ్యులర్ పోస్టు స్కేల్‌లో కనీస వేతనమన్నా ఇయ్యాలని. 2025 ఆగస్టులో గుజరాత్ కాంట్రాక్ట్ లెక్చరర్ల కేసులోనూ అదే మాట. మరి మన దగ్గర ఈ మేడమ్‌ల ఫైల్ ఎందుకు కదలదు? "కేజీబీవీలు నడిచే సమగ్ర శిక్ష కేంద్రం స్కీము" అంటరు, నిజమే, కానీ అందులో 40 శాతం ఖర్చు రాష్ట్రానిదే. కేజీబీవీలు 2004లో మొదలైనయి, ఇంకా టెంపరరీ ఏంది సార్, నవ్వొస్తది. 2024 డిసెంబర్‌లో తెలంగాణ అంతటా చలిలో టెంట్లేసుకుని సమ్మె చేసిన సమగ్ర శిక్ష ఉద్యోగులు ఇదే అడిగిండ్రు.

రెగ్యులరైజేషన్‌కు టైం పడ్తదంటే సరే, ముందు మినిమం టైమ్ స్కేల్ (పైన చెప్పిన ఆ కనీస వేతనం) జీవో ఇయ్యండి, హెల్త్ కార్డులియ్యండి, 26 వారాల మెటర్నిటీ లీవ్ జీతంతో ఎక్కడా ఆగకుండా చూడండి. మా యూనియన్లోళ్లు కూడా దీని మీద నోరు విప్పితే బాగుండు, ఎంతసేపూ మా డీఏల గోలే.