ఆరు ఫ్రేములను ఎందుకు కోసేయవలసి వచ్చిందంటే

దసరాకు ముందు అందజేస్తామని మాట ఇచ్చిన ఆరు విడదీసే సైకిలు ఫ్రేములను ఇప్పుడు ఇవ్వలేకపోతున్నాము. బయానా కట్టి ఎదురు చూస్తున్న ఆరుగురికీ ఫోను చేసి చెప్పాను. అయినా రాయగడలోని మా షాపును ఇన్నేళ్ళుగా నమ్ముకున్న మిగతావారికి కూడా ఈ సంగతి వేరొకరి నోట కాకుండా నా ద్వారానే తెలియాలని ఇది రాస్తున్నాను.

కొత్తవారి కోసం ఒక్క మాట. క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) ఉక్కు గొట్టాలతో చేసే ఈ ఫ్రేములో పై గొట్టాన్నీ కింది గొట్టాన్నీ మధ్యలో కోసి, ఆ కొసలకు స్టెయిన్‌లెస్ స్టీలు కప్లింగులు అతుకుతాము. కప్లింగు రెండు ముఖాలకూ పళ్ళుంటాయి. అవి ఒకదానిలో ఒకటి కూర్చున్నాక పైనున్న నట్టు బిగిస్తే రెండు ముక్కలూ ఒకే గొట్టమవుతాయి. 40 మిల్లీమీటర్ల టైరుతో చక్రం 70 సెంటీమీటర్లుంటుంది కాబట్టి, గాలి తీసేసి సర్దితే సైకిలంతా 66 సెంటీమీటర్ల చదరపు పెట్టెలో, 25 సెంటీమీటర్ల లోతులో ఇమిడిపోతుంది. విశాఖలో ఆ పెట్టెతో కిరండూల్ బండి ఎక్కి, కోరాపుట్‌లో దిగి, 1,672 మీటర్ల దేవమాలి కొండను ఎక్కి వచ్చినవారు మీలోనే ఉన్నారు.

ఈ కప్లింగులను మేము తయారు చేయము. ఎనిమిదేళ్ళుగా ఒకే సరఫరాదారు దగ్గర కొంటున్నాము. ఈసారి వచ్చిన సరుకు చూపుకు ఎప్పటిలాగే ఉండడంతో ఆరు ఫ్రేములకూ అతికేశాము. రంగు వేయించే ముందు, అలవాటు ప్రకారం, మొదటి ఫ్రేమును లక్ష్మీపూర్ వైపు ఎత్తుల్లో నేనే తొక్కి చూశాను. 40 కిలోమీటర్లు కూడా కాకముందే, పెడలు మీద లేచి నిలబడిన ప్రతిసారీ కింది గొట్టం దగ్గర టిక్కుమని చప్పుడు రాసాగింది. దిగి స్పానరు వేస్తే నట్టు పావు చుట్టు తిరిగింది. గట్టిగా బిగించి వెనక్కి వస్తే షాపు చేరేలోగా మళ్ళీ వదులైంది.

సరఫరాదారుకు ఫోను చేస్తే, అతికేటప్పుడు మీరే వేడి ఎక్కువ పెట్టారు, అందుకే పళ్ళు వంగాయి అన్నారు. ఆ మాట నాకు ఈ రోజుకీ గుచ్చుకుంటూనే ఉంది. మా నాన్నగారు చేతికి టార్చి ఇచ్చి నేర్పిన మొదటి పాఠమే మంటను అదుపులో ఉంచడం. మేము వాడేది 650 డిగ్రీల దగ్గర కరిగి పారే, 56 శాతం వెండి ఉన్న అతుకు కడ్డీ. లోహాన్ని మసక ఎరుపు దాటనివ్వము. అందుకని మాటకు మాట చెప్పకుండా, మంట తగలకుండా ఇంకా పొట్లంలోనే ఉన్న రెండు జతలు తీశాను. ఒక ముఖానికి, తగిలిన చోటల్లా అంటుకునే నీలం రంగు పల్చగా పూసి, రెండోదానితో కలిపి బిగించి విప్పాము. పళ్ళు సరిగా కూర్చుంటే నీలం చుట్టూరా అంటాలి. ఒక పక్క నాలుగైదు పళ్ళకే అంటింది. వాటికి ఎదురుగా ఉన్న పళ్ళు చుక్కయినా అంటక మెరుస్తూ ఉన్నాయి. షాపులో మిగిలిన పాత జతకు అలాగే చేస్తే ప్రతి పంటికీ రెండు వైపులా నీలం పడింది. ఫొటోలు పంపాక వారు డబ్బు వాపసు ఇస్తామన్నారు గాని, అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు. నాకు కావలసింది ఆ మాటే. అది వచ్చేదాకా వారి సరుకు మా గుమ్మం తొక్కదు.

ఇక ఆ ఆరు ఫ్రేముల సంగతి. ఆకురాయితో పళ్ళు సరిచేద్దామని మా ఒడియా మేస్త్రీ అన్నాడు. అతని చేతి మీద నాకు అనుమానం లేదు, కానీ పంటి మీద పొర తీస్తే సందు పెరుగుతుందే తప్ప తగ్గదు. మళ్ళీ వేడి చేసి కప్లింగులు ఊడదీద్దామంటే, మిల్లీమీటరు మందం కూడా లేని గొట్టం రెండుసార్లు మంట తినాలి. డబ్బు కట్టినవారిలో పెద్దాయన ఒకరు, "ఆ రెండు గొట్టాలు మార్చి ఇచ్చెయ్యి నాయనా, నాకు చాలు" అన్నారు. ఆ మాటతో మూడు రాత్రులు నిద్ర పట్టలేదు, ఎందుకంటే అది చేయగలిగిన పనే, సగం ఖర్చు మిగిలే పని కూడా. కానీ ఒకసారి కోసిన జాయింటు మీదే మళ్ళీ వెల్డింగు పడిన ఫ్రేమును కొత్తదని మీ చేతిలో పెట్టలేనని, మాస్టారు తప్పుగా అనుకోవద్దని ఆయనకు చెప్పాను. నాలుగో రోజు పొద్దున్నే, నా మనసు మళ్ళీ మారకముందే, ఆరింటినీ రంపంతో కోసేశాను. ముక్కలు బల్ల కింద ఉన్నాయి, వచ్చి చూడవచ్చు.

కొత్త ఫ్రేములు వేరే చోట కొన్న కప్లింగులతో సంక్రాంతికి సిద్ధమవుతాయి. ఖరీదు మారదు. ఆగలేనివారికి కట్టిన డబ్బంతా వెనక్కి ఇస్తాము. ఇకమీదట ప్రతి జతనూ అతికే ముందే నీలంతో పరీక్షించి, ఆ ముద్ర పడిన కాగితాన్ని సైకిలుతో పాటే ఇస్తాము.

ఇంతకుముందు కొన్నవారి కప్లింగులు ఈ విడతవి కావు. అయినా విప్పిన ప్రతిసారీ పళ్ళు తుడిచి, నట్టు మరలకు గ్రీజు రాసి, మేమిచ్చిన స్పానరుతోనే బిగించండి. ఎత్తులో టిక్కుమంటే అక్కడే దిగి నట్టు చూడండి. అది తిరిగితే ఇంకొక్క కిలోమీటరు కూడా తొక్కకుండా నాకు ఫోను చేయండి, బండి పంపించి సైకిలును నేనే తెప్పించుకుంటాను.