పడవకి పెయింట్ వేయించే ముందు

తల్లీ,

పడవ ఫొటోలు చూశాను. నీలం రంగంతా పోయి సున్నం కొట్టినట్టు అయిపోయింది, పెయింట్ వేయించేస్తాను అని రాశావు. ఆ తొందర వద్దు. ఫైబర్ పడవ పైన మామూలుగా ఉండేది పెయింట్ కాదు, జెల్‌కోట్, అంటే రంగు కలిపిన పాలిస్టర్ రెజిన్ (జిగురులా ఉండి గట్టిపడే ప్లాస్టిక్) పొర. పడవ తయారు చేసేటప్పుడు అచ్చులో ముందు దాన్నే స్ప్రే చేసి తర్వాత ఫైబర్ పరుస్తారు. మందం అర మిల్లీమీటరు, కాస్త అటూ ఇటూ. ఏళ్ల తరబడి ఎండకీ గాలికీ పైపైన రెజిన్ దెబ్బతిని పొడి లేస్తుంది, నున్నదనం పోయి వెలుతురు చెదిరిపోతుంది, అందుకే మనకి తెల్లగా కనిపిస్తుంది. ముదురు రంగుల్లో ఇది మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే అరచేత్తో గట్టిగా రుద్దు, పొడి అంటుతుంది. తర్వాత అక్కడే తడిగుడ్డతో తుడువు. తడి ఉన్నంతసేపు అసలు నీలం పైకి వచ్చి, ఆరుతున్న కొద్దీ అంచుల నుంచి మళ్లీ పాలిపోతూ వస్తే రంగు అడుగున బాగానే ఉన్నట్టు. నేరుగా వ్యాక్స్ పూసినా ఇలాగే జరుగుతుంది, నాలుగు రోజులు మెరిసి మళ్లీ మొదటికే వస్తుంది, ఎందుకంటే చెడిపోయిన పొర అలాగే ఉండిపోయింది కదా.

కాబట్టి ఆ పొరని తియ్యాలి, కానీ ఎంత అవసరమో అంతే. జెల్‌కోట్ ఒకసారి అరిగితే మళ్లీ రాదు. ముందు సబ్బునీళ్లతో కడిగి, పాత వ్యాక్స్‌ని వ్యాక్స్ రిమూవర్‌తో తీసెయ్యి. నీటి గీత, అంటే పడవ నీళ్లలో మునిగే మట్టం, దగ్గర పసుపు మరకలు, తుప్పు మరకలు ఉంటే ఆక్సాలిక్ ఆసిడ్ ఉన్న క్లీనర్‌కి పోతాయి, చేతులకి గ్లవ్స్ మాత్రం మర్చిపోకు. తర్వాత ఎవరికీ కనబడని మూల చూసుకుని ముందు పాలిష్ వేసి చూడు. చాలకపోతే కాంపౌండ్, అంటే పాలిష్ కన్నా గరుకైన రుద్దుడు పేస్టు. దానికీ లొంగకపోతేనే వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం, నంబర్ తగ్గే కొద్దీ గరుకు ఎక్కువ), అది కూడా 1000 నంబర్‌తో మొదలుపెట్టి 1500, 2000 దాకా. 800 అసలు ముట్టుకోకు, నీ పడవకి అంత అవసరం ఉన్నట్టు ఫొటోల్లో నాకు కనిపించలేదు.

పాలిష్ మెషీన్‌కి కాంపౌండ్ వేసేటప్పుడు ఊలు ప్యాడ్, పాలిష్ వేసేటప్పుడు ఫోమ్ ప్యాడ్ తగిలించు. పని నీడలో, పడవ ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు చెయ్యి, లేదంటే కాంపౌండ్ ఆరిపోయి గట్టిగా పట్టేస్తుంది. ఒకసారికి రెండడుగుల చదరం చాలు. మెషీన్ స్పీడు తక్కువలో పెట్టి, ప్యాడ్‌ని ఉపరితలానికి ఆనించాకే ఆన్ చెయ్యి, ఒక్కచోట ఆపకుండా కదుపుతూనే ఉండు. అంచులూ మూలలూ దగ్గర చాలా జాగ్రత్త, అక్కడ పొర తొందరగా అరిగిపోతుంది, వేడికి కాలిపోతుంది కూడా. వాటికి ముందే టేప్ వేసేసి తర్వాత చేత్తో రుద్దుకో, ఓపిక పట్టాలి కానీ అదే మంచిది. రుద్దుతుండగా నీలం పలచబడి అడుగున వేరే రంగో, ఫైబర్ అల్లికో కనిపించిందంటే వెంటనే ఆపెయ్. అలాంటి చోట్లకి కొత్త జెల్‌కోట్ గానీ పెయింట్ గానీ తప్ప వేరే దారి లేదు. సన్నటి పగుళ్లు కూడా పాలిష్‌తో పోవు, వాటిని పూడ్చాల్సిందే.

నీటి గీత కింద నాచూ గవ్వలూ పట్టకుండా వేసే పెయింట్ ఉంటుందే, దాని జోలికి వెళ్లకు. చాలావాటిలో రాగి ఉంటుంది, పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైభాగం రుద్దేటప్పుడు కూడా మాస్క్ పెట్టుకో, ఈ విషయంలో నాకు నీ మీద అస్సలు నమ్మకం లేదు, అందుకే రెండోసారి చెబుతున్నా, మాస్క్ పెట్టుకో.

మెరుపు వచ్చాక చివర్లో వ్యాక్స్ గానీ పాలిమర్ సీలెంట్ గానీ పట్టించు. ఎండ దెబ్బని ఆపడంలో దానిదే ముఖ్యమైన పని, కాబట్టి ఏడాదికి రెండుసార్లు పూస్తూ ఉండు, పడవ ఆరుబయట ఉంటే పైన కవర్ కూడా కప్పు. మూలలో ట్రయల్ వేశాక ఆ ముక్క ఫొటో పంపు, సగం టేప్ కింద ఉంచి సగం రుద్దు, తేడా నాకూ తెలుస్తుంది. పెయింటర్‌తో మాట్లాడటం ఆ తర్వాతే.

నాన్న