వార్షిక కార్యకలాపాల నివేదిక: చిన్న టచ్‌స్క్రీన్‌ను మైక్రోకంట్రోలర్‌కు కలిపే పనిలో మన ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం కార్యవర్గానికి అప్పగించిన పని ఒక్కటే. ఆర్డుయినో, ఈఎస్‌పీ 32 వంటి చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకు (ప్రోగ్రామ్ రాసి పరికరాలను నడిపించే చిన్న కంప్యూటర్‌కు) టచ్‌స్క్రీన్ డిస్‌ప్లేను కలపడం సభ్యులంతా తమ చేతులతో చేసి నేర్చుకోవాలన్నదే ఆ తీర్మానం. అంతకుముందు ఏడాది ఒకేసారి చాలా ప్రాజెక్టులు తలకెత్తుకుని ఏదీ ఒక కొలిక్కి తేలేకపోయామన్న బాధ మనందరికీ ఉంది కనుక, ఈసారి నెలవారీ సమావేశాలన్నిటినీ ఈ అంశానికే కేటాయించాం.

అందరూ ఒకే రకం తెరతో పనిచేస్తే ఒకరికి ఎదురైన చిక్కు మిగతావారికి పాఠమవుతుందని భావించి, ఐఎల్‌ఐ 9341 చిప్‌తో నడిచే 2.8 అంగుళాల మాడ్యూల్‌ను ఎంచుకున్నాం. దాని తెర 240×320 పిక్సెళ్లది. బయటికి ఒకే వస్తువుగా కనిపించినా లోపల రెండు వేర్వేరు పరికరాలున్నాయి: బొమ్మ గీసేది ఐఎల్‌ఐ 9341, వేలి స్పర్శను చదివేది ఎక్స్‌పీటీ 2046. మాడ్యూల్ అంచున ఉన్న 14 పిన్నుల్లో తొమ్మిది మొదటిదానికి, ఐదు రెండోదానికి చెందుతాయి. ఈ సంగతి తొలి సమావేశంలోనే చెప్పుకున్నా, దాని అసలు అర్థం మాకు చాలా ఆలస్యంగా బోధపడింది.

మొదటి నెలల్లో మనల్ని ఎక్కువగా నష్టపరచింది వోల్టేజీ. మాడ్యూల్‌కు కరెంటు అందించే వీసీసీ పిన్నుకు 5 వోల్ట్లు ఇవ్వవచ్చని చాలాచోట్ల రాసి ఉంటుంది, అది నిజమే. ఆ పిన్ను వెనుక 3.3 వోల్ట్లకు తగ్గించే రెగ్యులేటర్ ఉంటుంది. కానీ ఆ రక్షణ విద్యుత్ సరఫరాకు మాత్రమే. సీఎస్ (ఏ పరికరంతో మాట్లాడుతున్నామో చెప్పేది), డీసీ (వచ్చేది ఆదేశమో డేటానో చెప్పేది), మోసీ (బోర్డు నుంచి డేటా తెచ్చేది) వంటి సంకేత పిన్నులు నేరుగా చిప్‌కే వెళతాయి, ఆ చిప్ సంకేతాలకు అనుమతించే గరిష్ఠ వోల్టేజీ 3.3 మాత్రమే. ఆర్డుయినో ఊనో తన పిన్నుల మీద 5 వోల్ట్లు పంపుతుంది. అలా నేరుగా కలిపిన తెర కొన్నిసార్లు అసలు వెలగదు, కొన్నిసార్లు కొన్నాళ్లు బాగానే పనిచేసి తర్వాత మొరాయిస్తుంది. పనిచేస్తోంది కదా అని ఊరుకోవడమే ఇక్కడ పెద్ద ప్రమాదం. నేనూ అలాగే ఊరుకుని ఒక తెరను పోగొట్టుకున్నాను. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మాడ్యూల్ వెనుక జే 1 అని రాసిన చోట సోల్డర్ వేసి కలిపి ఉంటే రెగ్యులేటర్ పక్కకు తప్పుకున్నట్టే, అప్పుడు వీసీసీకి 3.3 వోల్ట్లకు మించి ఇవ్వకూడదు.

దీనికి రెండు పరిష్కారాలు ప్రయత్నించాం. సంకేతానికి వరసలో 1 కిలోఓమ్ రెసిస్టర్, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 2 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెడితే 5 వోల్ట్లు సుమారు 3.33కు దిగుతాయి. అంతకంటే శుభ్రమైన మార్గం సంకేతాన్ని అందుకుని తన వోల్టేజీలో తిరిగి పంపే 74హెచ్‌సీ 4050 అనే బఫర్ చిప్‌ను 3.3 వోల్ట్లతో నడపడం. బోర్డు నుంచి మాడ్యూల్‌కు వెళ్లే విడి సంకేతాలు సరిగ్గా ఆరు (సీఎస్, రీసెట్, డీసీ, మోసీ, క్లాక్, స్పర్శ సీఎస్), ఆ చిప్‌లో ఉన్న బఫర్లూ ఆరే కనుక ఒక్క చిప్‌తో పని సరిపోతుంది. తిరుగు దారిలో ఏమీ అక్కర్లేదు. ఊనో 3 వోల్ట్లు దాటిన సంకేతాన్ని ఒకటిగానే చదువుతుంది. ఇంత చేశాక కూడా కార్యవర్గం అభిప్రాయం ఏమిటంటే, కొత్తగా మొదలుపెట్టేవారు మొదటి నుంచే 3.3 వోల్ట్ల బోర్డు తీసుకోవడం మేలు. ఈఎస్‌పీ 32, రాస్ప్‌బెర్రీ పై పీకో రెండూ ఆ కోవలోనివే.

ఏడాది మొత్తంలో మనకు ఎక్కువ నేర్పిన సాయంత్రం గురించి కాస్త వివరంగా రాయడం అవసరం. ఒక సభ్యురాలి తెర మీద బొమ్మ చక్కగా వస్తోంది, కానీ ఎక్కడ తాకినా స్పర్శ విలువలు ఒకే అంకె దగ్గర బిగుసుకుపోయి ఉన్నాయి. కోడ్ మార్చాం, లైబ్రరీ మార్చాం, మాడ్యూల్ కూడా మార్చాం, ఫలితం లేదు. చివరికి బ్రెడ్‌బోర్డ్ (సోల్డర్ లేకుండా తీగలు గుచ్చే పలక) మీది తీగలను ఒక్కొక్కటిగా పీకుతూ చూశాం. తెర వైపు డేటా బయటికి పంపే ఎస్‌డీఓ పిన్ను నుంచి వచ్చే తీగ ఊడదీయగానే కంప్యూటర్ మీద అంకెలు వేలితోపాటు కదలడం మొదలుపెట్టాయి. బోర్డు పరికరాలతో ఉమ్మడి తీగల మీద మాట్లాడే ఎస్‌పీఐ పద్ధతిలో రెండు పరికరాలు ఒకే మీసో తీగను (బోర్డుకు డేటా తెచ్చేదాన్ని) పంచుకోవాలంటే, ఎవరి సీఎస్ పై స్థాయిలో ఉంటే (అంటే ఎవరిని పిలవలేదో) వారు ఆ తీగను వదిలి మౌనంగా ఉండాలి. కొన్ని డిస్‌ప్లేలు అలా వదలవు, ముఖ్యంగా ఐఎల్‌ఐ 9488 చిప్‌తో వచ్చే పెద్ద తెరలకు ఈ అలవాటు బాగా తెలిసిందే. తెర నుంచి మనం చదవవలసినది సాధారణంగా ఏమీ ఉండదు కనుక ఎస్‌డీఓను ఖాళీగా వదిలి, స్పర్శ చిప్ డేటా పంపే టీ డీఓ పిన్నును మాత్రమే మీసోకు కలపాలని అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాం. మాడ్యూల్‌లో ఉన్నవి రెండు పరికరాలన్న మాటకు అర్థం ఆ రోజు తెలిసింది.

తెల్లగా వెలిగి ఊరుకునే తెర గురించి తరచూ ప్రశ్నలు వచ్చాయి. బ్యాక్‌లైట్‌కు కరెంటు అందుతోంది గానీ చిప్‌కు ఆదేశాలు చేరడం లేదని దాని అర్థం. సీఎస్, డీసీ, రీసెట్ తీగలను ముందు చూడాలి. ఒక సందర్భంలో డీసీని ఈఎస్‌పీ 32 మీద 34వ పిన్నుకు కలిపి ఉండడమే కారణమని తేలింది. 34 నుంచి 39 వరకు ఉన్న పిన్నులు ఇన్‌పుట్ కోసమే, వాటి నుంచి సంకేతం బయటికి రాదు. బొమ్మలో రంగు రంగుల మచ్చలు పడితే డేటా పంపే లయను నిర్ణయించే క్లాక్ వేగాన్ని అనుమానించాలి. ఐఎల్‌ఐ 9341 డేటాషీటు చిప్‌లోకి డేటా రాయడానికి హామీ ఇచ్చేది 10 మెగాహెర్ట్జ్ వరకే, అయినా పొట్టి తీగలతో 40 దగ్గర కూడా నడుస్తుంది. పొడవాటి జంపర్ తీగలతో అది కుదరదు. స్పర్శ చిప్‌ను మాత్రం ఎప్పుడూ 2.5 మెగాహెర్ట్జ్ దాటించకూడదు.

ఊనో వాడినవారికి బోర్డులో మెమరీ చాలని సమస్య ఎదురైంది. పిక్సెల్‌కు రెండు బైట్ల చొప్పున ఒక పూర్తి బొమ్మకు 1,53,600 బైట్లు కావాలి, ఊనోలో ఉన్న ర్యామ్ 2,048 బైట్లే. పైగా ఎస్‌పీఐని దాని గరిష్ఠ వేగమైన 8 మెగాహెర్ట్జ్‌తో నడిపినా ఒక తెర నింపడానికి 0.15 సెకను పైగా పడుతుంది, ఆ ఆలస్యం కంటికి తెలుస్తుంది. అందుకే మారిన అంకె ఉన్న చిన్న పెట్టెను మాత్రమే తిరిగి గీయడం అందరం అలవాటు చేసుకున్నాం.

స్పర్శను సరిచూసుకునే పనికి ఒక సమావేశం పట్టింది. వేలు నొక్కినప్పుడు పైపొర, కింది పొర తగులుకుంటాయి. ఒక పొరకు వోల్టేజీ ఇచ్చి రెండో పొర మీద కొలిస్తే స్థానం తెలుస్తుంది. చిప్ ఇచ్చే విలువల పరిధి 0 నుంచి 4095 అయినా తెర మూలలు ఆ చివరల దాకా వెళ్లవు, ప్రతి మాడ్యూల్‌కూ అవి వేరు. కాబట్టి తెర మీద మూడు గుర్తులు చూపించి వాటిని తాకించి, వచ్చిన అంకెలతో స్థానం ఎంత పక్కకు జరిగిందో, ఎంత సాగిందో, ఎంత వంగిందో లెక్కగట్టి, కరెంటు పోయినా చెరగని ఈఈప్రామ్ మెమరీలో దాచుకుంటున్నాం. ఒక్క రీడింగ్‌ను నమ్మకుండా వరసగా కొన్ని తీసుకుని వాటిలో మధ్య విలువను ఎంచుకుంటే వణుకు తగ్గుతుంది.

ఈ అనుభవాలన్నీ కలిపి తయారుచేసిన వైరింగ్ పత్రం ఇప్పుడు సంఘం బల్ల మీద ఉంది. కరెంటు ఇవ్వకముందే ప్రతి తీగనూ మల్టీమీటర్‌తో సరిచూసి, పత్రంలో ఆ గడిలో గుర్తు పెట్టాకే యూఎస్‌బీ తగిలించాలి. ఆదాయవ్యయాల పట్టిక విడిగా జతచేశాం.

వచ్చే ఏడాదికి కెపాసిటివ్ టచ్ తెరలను (నొక్కకుండా వేలు తగిలితే చాలు గుర్తించేవి) ప్రతిపాదిస్తున్నాం. వాటిలో తరచుగా కనిపించే ఎఫ్‌టీ 6206 చిప్ ఐ స్క్వేర్డ్ సీ పద్ధతిలో రెండు తీగల మీద మాట్లాడుతుంది, దాని చిరునామా హెక్సాలో (16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో) 38. మీసో తీగ కోసం జరిగిన పోరు అక్కడ ఉండదు గానీ, ఆ రెండు తీగలకూ, ఖాళీగా ఉన్నప్పుడు వాటిని పై వోల్టేజీలో నిలిపే పుల్‌అప్ రెసిస్టర్లు ఉన్నాయో లేదో ముందుగా చూసుకోవాలి. తొలి సమావేశానికి మీ దగ్గరున్న మాడ్యూళ్లు తీసుకురండి. వాటిలో పుల్‌అప్ రెసిస్టర్లు ఉన్నాయో లేదో కొలిచి చూడడంతోనే మొదలుపెడదాం.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున